కెన్యా సేవా నిధి: 2024–25 జమా ఖర్చుల వివరణ

సంఘ సభ్యులకు, గల్ఫ్ నుంచి కానుకలు పంపిన మన ఆడపడుచులకు, పొరుగు సంఘాల విశ్వాసులకు కమిటీ తరఫున వందనాలు.

మన సంఘం నుంచి నలుగురు యవ్వనస్థులు, ఇద్దరు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు, 2025 జూన్ 2న బయలుదేరి కెన్యాలో కిసుము దగ్గరున్న ఒక సంఘంలో మిషన్ ఇంటర్న్‌లుగా పనిచేసి, జులై 11 ఉదయం నరసాపురం స్టేషన్‌లో క్షేమంగా దిగారు. ఈ పని కోసం వసూలైన మొత్తం 4,86,526 రూపాయలు. ఖర్చయింది 4,26,450. బ్యాంకులో మిగిలింది 60,076. ఈ మూడు అంకెలూ ఆదివారం ఆరాధనలో చదివి వినిపించాం. కానీ ఇచ్చిన వాళ్ళకు మొత్తం మాత్రమే తెలిస్తే చాలదు. ఏ డబ్బు ఎలా వచ్చింది, ఎక్కడికి పోయింది, ఎందుకు పోయింది అన్నది కూడా తెలియాలి. యెరూషలేము పేదల కోసం పోగుచేసిన కానుకను పౌలు అంతటివాడే ఒంటరిగా మోసుకుపోలేదు. సంఘాలు ఎన్నుకున్న మనిషిని తోడు పెట్టుకున్నాడు. మేమూ అదే పద్ధతిలో ప్రతి ఓచరు మీద ఇద్దరి సంతకాలు పెట్టించాం.

ముందు జమ సంగతి.

గుప్పెడు బియ్యం అమ్మగా వచ్చింది 32,680 రూపాయలు. పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు కొలిచిన బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి పక్కన డబ్బాలో వేయడం మన స్త్రీల సమాజంలో ఎప్పటినుంచో ఉన్నదే. 2024 సెప్టెంబరు నుంచి 2025 ఏప్రిల్ దాకా ఆ డబ్బాలన్నీ ఈ నిధికే వచ్చాయి. కాటా వేస్తే మొత్తం 860 కిలోలు, కిలో 38 రూపాయల చొప్పున అమ్మాం. రేషన్ బియ్యం మాత్రం కలపొద్దని మొదటి రోజే గట్టిగా చెప్పాం, అది అమ్మడం నేరం కాబట్టి. ఇంట్లో వండేదే రేషన్ బియ్యం అయిన కుటుంబాలు మన సంఘంలో చాలా ఉన్నాయి. వాళ్ళు ఊరుకోలేదు. ఒకావిడ వారానికి ఆరు కోడిగుడ్లు తెచ్చి ఇచ్చేవారు. ఇంకొకావిడ పాత హార్లిక్స్ సీసాలో రోజుకో అయిదు రూపాయల బిళ్ళ వేసి నెలాఖరుకు సీసా పళంగా తెచ్చి బల్ల మీద పెట్టేవారు. ఆ సీసా మూత ఒక పట్టాన రాకపోతే పాస్టరమ్మగారు కొంగుతో పట్టి తిప్పి తీసేవారు. ఈ గుడ్ల డబ్బు, బిళ్ళల డబ్బు ప్రత్యేక కానుకల కింద పేరుపేరునా రాశాం. రసీదు అక్కర్లేదన్నా రాసే ఇచ్చాం.

కోత పండుగ వేలంలో 64,350 వచ్చింది. కొబ్బరి గెలలు, అరటి గెలలు, నాటుకోళ్ళు, కొత్త బియ్యం బస్తాలు, ఎప్పటిలాగే. ఒక బూడిద గుమ్మడికాయ మూడుసార్లు వేలానికొచ్చింది. పాడుకున్నాయన డబ్బు కట్టి "మళ్ళీ పాడండి" అని తిరిగి బల్ల మీద పెట్టేశారు, రెండో ఆయనా అలాగే చేశారు. 500, 800, 1,150 చొప్పున ఆ ఒక్క కాయ మీదే 2,450 రూపాయలు లేచాయి.

లేసు అమ్మకం 41,200. ఇది నూలు ఖర్చు పోగా మిగిలిన డబ్బు. మన నరసాపురం లేసు అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కానీ, అల్లే ఆడవాళ్ళ చేతికి వచ్చే కూలి ఎంతో మీకందరికీ తెలుసు. ఈసారి మన సమాజం ఆడవాళ్ళు కమీషన్ కొట్టుకి ఇచ్చే పని అయ్యాక రాత్రిళ్ళు కూర్చుని విడిగా టేబుల్ క్లాత్‌లు, దిండు గలీబుల అంచులు అల్లి, క్రిస్మస్ ముందు భీమవరంలోను, హైదరాబాద్‌లో ఉన్న మన బంధువుల ద్వారాను నేరుగా అమ్మారు. నేరుగా అమ్మితే ఎంత తేడా వస్తుందో ఈ లెక్కలో కనబడింది. దాని గురించి స్త్రీల సమాజం వేరుగా కూర్చుని మాట్లాడితే బాగుంటుందని మా ఆశ. ఈ అల్లిక మన ఊళ్ళకు మిషనరీల ఇళ్ళనుంచే వచ్చింది. ఆ సూదితోనే మన పిల్లలకు టికెట్లు కొనగలిగామంటే మాకు కళ్ళు చెమర్చాయి.

కువైట్, మస్కట్, దోహాల్లో పనిచేస్తున్న మన ఆడపడుచులు పంపినది 96,500. ఈ డబ్బు విషయంలో కొందరు చట్టం గురించి అడిగారు, అడగాల్సిన ప్రశ్నే. విదేశాల్లో ఉన్నా భారత పౌరసత్వం ఉన్నవాళ్ళు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందకు రాదు. అందుకని ప్రతి ఒక్కరి దగ్గరా పాస్‌పోర్ట్ కాపీ తీసుకుని ఫైల్లో పెట్టాం. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన బంధువు ఒకరు పెద్ద మొత్తం పంపుతామని ప్రేమగా అన్నారు. ఆయనది మాత్రం విదేశీ విరాళమే అవుతుంది, అది తీసుకోవడానికి కావలసిన ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్ మనకు లేదు. వద్దని చెప్పి, ప్రార్థన అడిగాం.

మిగతావి: సంఘస్థుల ప్రత్యేక కానుకలు 1,18,700, యవ్వనస్థులు క్రిస్మస్ కేరల్స్ రౌండ్లలోను, చెరువుల పట్టుబడి కూలికి వెళ్ళీ తెచ్చింది 28,400, నలుగురు పిల్లలూ తలా 25,000 చొప్పున వేసుకున్న సొంత వంతు 1,00,000, బ్యాంకు వడ్డీ 1,846, ఇన్సూరెన్స్ క్లెయిం 2,850. సంఘం ట్రస్టు నిధి నుంచి ఒక్క రూపాయి కూడా తీయలేదు. ట్రస్టు ఆదాయాన్ని దేశం బయట ఖర్చు పెట్టాలంటే ఆదాయపు పన్ను వాళ్ళ ముందస్తు అనుమతి కావాలని ఆడిటరుగారు చెప్పారు. అందుకే ఈ నిధికి మొదటినుంచీ విడి ఖాతా.

ఇక ఖర్చు.

అన్నిటికంటే పెద్దది విమాన టికెట్లు. హైదరాబాద్ నుంచి ముంబయి మీదుగా నైరోబీకి రానూ పోనూ మనిషికి 52,400 చొప్పున 2,09,600. అంటే మొత్తం ఖర్చులో దాదాపు సగం. "గుప్పెడు గుప్పెడు కూడేసింది విమానం వాళ్ళకు పోయడానికా, ఆ రెండు లక్షలూ అక్కడి సంఘానికే పంపేస్తే సరిపోయేది కదా" అని కమిటీ ముఖం మీదే అడిగినవాళ్ళున్నారు. వాళ్ళ మీద మాకు కోపం లేదు, బియ్యం ఇచ్చిన చేతులే అవి. మా జవాబు ఇది. 1836లో మిషనరీ ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లాండు బార్న్‌స్టేపుల్ నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ తమ భార్యలతో మన దేశానికి ఓడలో వచ్చి, ఈ గోదావరి డెల్టాలోనే నరసాపురం, పాలకొల్లు వైపు పని మొదలుపెట్టారు. ఓడ ఖర్చు దండగని అప్పుడు ఎవరైనా డబ్బు మాత్రమే పంపి ఊరుకుని ఉంటే మన తాతలకు సువార్త చెప్పే మనిషి ఎవరు? వాళ్ళు ఇక్కడే బతికారు, మన పిల్లలు ఆరు వారాల్లోపే తిరిగొచ్చారు. ఆ రెండూ ఒకటని మేము అనం. పంపిన సంఘం మాత్రం మారుతుంది. కిసుము పేరు వినని ఇళ్ళలో ఇవాళ కిసుము కోసం ప్రార్థన జరుగుతోంది. పిల్లల్లో ఒకరు పూర్తికాలం సేవకు తనను తాను సమర్పించుకున్నారు.

పిల్లలు అక్కడి సంఘానికి భారం కాకూడదని మొదటి మీటింగులోనే తీర్మానం చేసుకున్నాం. తిండికీ, పడకకీ మనిషికి రోజుకు 450 రూపాయల చొప్పున 36 రాత్రులకు 64,800 వాళ్ళకే కట్టాం. వాళ్ళు మొదట మాకొద్దన్నారు, మేము ఒప్పుకోలేదు. స్వల్పకాల సేవకు అక్కడి ప్రభుత్వానికి కట్టాల్సిన పాస్ రుసుము మాత్రం పట్టుబట్టి వాళ్ళే కట్టారు. అందుకే అది మన లెక్కలో కనబడదు. టూరిస్టులమని చెప్పి సేవ చేయడం మాకు ఇష్టం లేకపోయింది, వాళ్ళకీ ఇష్టం లేదు.

వైద్యం వివరం ఎక్కువమంది అడిగారు. కెన్యా నుంచి మన దేశంలోకి తిరిగి రావాలంటే ఎల్లో ఫీవర్ టీకా వేసుకున్న పసుపు పుస్తకం ఉండాలి. లేకపోతే ఎయిర్‌పోర్టు నుంచే క్వారంటైన్‌కు తీసుకెళ్తారు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి కాబట్టి మే నెలలోనే నలుగురినీ హైదరాబాద్ నారాయణగూడలో ఈ టీకా వేసే ప్రభుత్వ సంస్థ ఐపీఎంకు తీసుకెళ్ళాం. ఆ టీకాలు, మలేరియా రాకుండా వేసుకునే మాత్రలు, మందుల పెట్టె కలిపి 9,340. విక్టోరియా సరస్సు ఒడ్డున మలేరియా ఎక్కువ. మాత్రలు వేసుకుంటున్నా ఒక అమ్మాయికి నాలుగో వారంలో చలిజ్వరం వచ్చింది. రక్తపరీక్షలో మలేరియా అని తేలి రెండు రాత్రులు ఆసుపత్రిలో ఉంచారు. బిల్లు 11,400. ఆ రెండు రాత్రులూ ఇక్కడ తల్లిదండ్రులు పడిన టెన్షన్ మేము కళ్ళారా చూశాం. అక్కడి పాస్టరుగారి భార్య మంచం పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని, గంటకోసారి వీడియో కాల్‌లో పిల్ల ముఖం చూపించారు. ఆ తల్లికి మన సంఘం ఎప్పటికీ రుణపడి ఉంటుంది. ఇన్సూరెన్స్‌కు నలుగురికీ 8,600 కట్టాం. మొదటి వంద డాలర్లు మనమే పెట్టుకోవాలని పాలసీలో ఉంది, ఆ 8,550 పోగా వచ్చినవే పైన రాసిన 2,850. ఈసారి పాలసీ కొనేవాళ్ళు ఆ ఒక్క షరతు చూసి కొనాలి.

కిసుము నుంచి నైరోబీకి తిరుగు విమానం ఖర్చు 21,920 గురించి కూడా చెప్పాలి. నిజానికి ఆ ప్రయాణం బస్సులో అనుకున్నాం, జులై 7కి టికెట్లు కూడా తీశారు. జూన్ 25నే కెన్యా అంతటా యువత నిరసనల్లో ప్రాణాలు పోయాయి. జులై 7న మళ్ళీ నిరసనలకు పిలుపు వచ్చింది. రోడ్డు మీదకు రావద్దని ఆతిథ్య సంఘం పెద్దలు గట్టిగా చెప్పడంతో, ఇక్కడ కమిటీ ఫోన్లోనే ఒప్పుకుని జులై 8కి విమానం టికెట్లు తీయించింది. బస్సు డబ్బు సగం వెనక్కొచ్చింది. దాన్ని తగ్గించి చూపగా వెళ్ళేటప్పటి బస్సు, అక్కడి మటాటులు (మనుషుల్ని ఎక్కించుకు తిరిగే అద్దె వ్యాన్లు), మోటారు సైకిళ్ళ ఖర్చు 21,450. పిల్లల ప్రాణం దగ్గర ఇరవై వేలు చూసుకునే పరిస్థితి కాదది.

సేవా సామగ్రికి 27,650. ఇది వాళ్ళు అడిగినవాటికే, మనకు తోచినవాటికి కాదు. నర్సింగ్ చదివిన అమ్మాయికి ఆ దేశంలో లైసెన్సు లేదు. అందుకని సూది ముట్టుకోలేదు. బీపీ, షుగర్ చూడటం, తల్లులకు జ్వరం జాగ్రత్తలు చెప్పడం వరకే. మన ఐటీఐ అబ్బాయి అక్కడి ఎలక్ట్రీషియన్ కింద పనిచేసి సండే స్కూల్ గదికి వైరింగ్ పూర్తిచేశాడు. బీపీ మెషిన్లు, షుగర్ స్ట్రిప్పులు, వైరు, స్విచ్చులు, పిల్లల బొమ్మల పుస్తకాలు ఈ పద్దులోవే. బడులు నడిచే కాలం కావడంతో పిల్లల తరగతులు శని, ఆదివారాల్లోనే జరిగాయి. ఖర్చు లేని పని కూడా ఒకటి జరిగింది. కిసుము దగ్గర అహెరోలో కాలవ నీటి మీద వరి పండిస్తారు, న్యాండో నది పొంగితే మునుగుతారు. కౌలు రైతు కొడుకైన మన అబ్బాయి ఆ మడిలోకి దిగి వాళ్ళతో కలిసి నాటు వేశాడు. వాళ్ళు నవ్వారట, తర్వాత కూర్చోబెట్టి ఉగాలి (మొక్కజొన్న పిండి ముద్ద) పెట్టి మన ముంపు గురించీ, ఎరువుల ధర గురించీ అడిగి తెలుసుకున్నారట.

చిన్నవి టూకీగా: రైళ్ళు, హైదరాబాద్ బస 14,860. ఇద్దరికి కొత్త పాస్‌పోర్టులు 3,000. కెన్యాలోకి వెళ్ళడానికి ముందే తీసుకునే ప్రయాణ అనుమతి (ఈటీఏ) 11,180. ఫోన్ సిమ్‌లు 3,720. వెళ్ళేముందు శిక్షణ తరగతులు 12,300. ఫారెక్స్ కార్డు, బ్యాంకు చార్జీలు 5,180. పది లక్షల లోపే కాబట్టి టీసీఎస్ (విదేశాలకు డబ్బు పంపేటప్పుడు బ్యాంకు పట్టుకునే పన్ను) పడలేదు. షిల్లింగు మనకు 66 పైసల చొప్పున పడింది. రసీదు పుస్తకాలు 1,450. సాగనంపిన రోజు భోజనాలు రెండు కుటుంబాలు సొంతంగా పెట్టాయి, ఆ ఖర్చు నిధికి రాలేదు. కమిటీ సభ్యులెవరూ ప్రయాణ ఖర్చులు తీసుకోలేదు.

మిగిలిన 60,076 గుడి పైకప్పు రేకులకు వాడమని కొందరు, మళ్ళీ పంపడానికి దాచమని కొందరు అంటున్నారు. రేకులు కారుతున్న మాట నిజమే. అయినా ఈ డబ్బు అడిగేటప్పుడు మిషన్ కోసమని అడిగాం, ఆ పేరు మీదే గుప్పెళ్ళు పడ్డాయి. ఇచ్చినవాళ్ళు కూర్చుని ఒప్పుకుంటే తప్ప వేరే దేనికీ ముట్టకూడదని కమిటీ అందరి మాట. వచ్చే నెల మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక సర్వసభ్య సమావేశంలో దీని మీద ఓటింగ్ ఉంటుంది. గుప్పెడు బియ్యం ఇచ్చిన ప్రతి ఇంటికీ ఒక ఓటు. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు ఫోన్లో చెప్పొచ్చు.

ఓచర్లు, రసీదు పుస్తకాలు, బ్యాంకు స్టేట్‌మెంట్, ఆసుపత్రి బిల్లు ఆ రోజు దాకా పాస్టరుగారి ఇంటి ముందు గదిలో బల్ల మీద ఉంటాయి. సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా ఎవరైనా వచ్చి చూడొచ్చు. చదవడం రానివాళ్ళకు కోశాధికారి దగ్గరుండి ప్రతి పద్దూ చదివి వినిపిస్తారు.

ఇట్లు,
సంఘ కాపరి, కోశాధికారి, స్త్రీల సమాజం కార్యదర్శి, యవ్వనస్థుల కూటమి ప్రతినిధి