రాత నేర్పే తీరు గురించి విద్యాశాఖ అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

ఇంగ్లీషు కొత్తగా నేర్చుకునే పిల్లలతో వ్యాసాలు బట్టీ పట్టించడం ఆపించండి. పరీక్షలో అంశం కాస్త మారితే చాలు, పట్టిన బట్టీ అంతా వృథా.

ఒక్క పీరియడ్‌లోనే వ్యాసం ముగించాలన్న పట్టుదల వద్దు. మొదటి పది నిమిషాలు సొంత భాషలో మాట్లాడుకోనివ్వాలి. తర్వాత ఒక్క పేరా: చెప్పదలచిన మాట, కారణం, ఉదాహరణ. అది కుదిరాకే నాలుగు పేరాలు.

తమ అనుభవాన్ని తామే తరచి చూసుకునే రాతలో చిక్కు వేరు. 'ప్రాజెక్టు ఆలస్యమైంది, బాధపడ్డాను' అని రాసి కలం పెట్టేస్తారు. ఇలాంటి రాతకు విద్యావేత్త గ్రాహమ్ గిబ్స్ 1988లో చెప్పిన చక్రంలో ఆరు మెట్లుంటే (జరిగింది, అనిపించింది, మంచిచెడ్డలు, కారణాలు, తేలింది, ఇకపై చేసేది), వీళ్లు రెండో మెట్టు మీదే ఆగినట్టు. చాలాసార్లు లోపం ఆలోచనలో కాదు, క్రియల కాలం మార్చడంలో. జరిగినదానికి 'ఐ ఫెల్ట్', ఇప్పటి అభిప్రాయానికి 'నౌ ఐ థింక్', ఇకపై చేసేదానికి 'నెక్స్ట్ టైమ్ ఐ విల్' అని బోర్డు మీద రాసిపెడితే కలం కదులుతుంది. కొన్ని వారాలయ్యాక చెరిపేయాలి, లేదంటే అవే కొత్త బట్టీ.

ప్రతి తప్పుకీ ఎర్రసిరా పెడితే పిల్లలు తెలిసిన చిన్న వాక్యాలే రాస్తారు. మొదటి ప్రతిలో విషయం చూడాలి. రెండోదాంట్లో ఒకటి రెండు రకాల తప్పులు దిద్దితే చాలు. అనుభూతికి మార్కులు మాత్రం వద్దండీ, లేని దుఃఖం కల్పించి రాస్తారు!

రెండు ప్రతులకూ మార్కులు కేటాయిస్తూ ఉత్తర్వు ఇప్పించగలరు.

ఇట్లు,
ఇంగ్లీషు ఉపాధ్యాయులు