ఆదివారం కట్ట మీదికి మీ పాత్రను తీసుకురండి

అందరికీ నమస్తే. వచ్చే ఆదివారం పొద్దున భద్రకాళి చెరువు కట్ట మీద కలుస్తున్నాం కదా, ఈసారి టీనేజ్ నవలలు. ఎవరికి నచ్చిన పాత్ర గురించి వాళ్లే మాట్లాడాలి. నాది మాత్రం ఇప్పుడే చెప్పేస్తున్నా, అప్పటిదాకా ఆగలేను.

సుజాన్ కాలిన్స్ 2008 నవల 'ది హంగర్ గేమ్స్'లో కాట్నిస్. పిల్లలు ఒకర్నొకరు చంపుకునే పోటీకి చీటీలు తీస్తే, చెల్లెలి పేరు రాగానే 'నేను పోతా' అని ముందుకొస్తుంది. అందరూ ఆ సీనే చెప్తారు. నాకైతే ఆమె నాన్న బొగ్గు గనిలో పేలుడుకు చనిపోయాడన్న దగ్గరే గుండె పట్టేసింది. నేను పెరిగింది గోదావరిఖనిలో. నాన్న రాత్రి షిఫ్టుకు పోతే, పొద్దున గేటు గొళ్లెం చప్పుడు వినపడేదాకా అమ్మ చాయ్ గిన్నె పొయ్యి మీద పెట్టేది కాదు. సినిమా చూశాం చాలు అనకండి. పుస్తకంలో కథంతా కాట్నిస్సే చెప్తుంది, మజా అక్కడే ఉంది.

ఇంకోటి, ఎస్.ఇ. హింటన్ 'ది అవుట్‌సైడర్స్'. 1967లో అచ్చయినప్పుడు ఆమెకు 18 ఏళ్లే! మా ఇంటర్ పిల్లోడికి చెప్తే "ఆమెకు ఎంసెట్ టెన్షన్ లేదేమో" అన్నాడు.

కాట్నిస్‌కు జోడీ పీటానా, గేలా అన్న లొల్లి మాత్రం వద్దు ప్లీజ్, పోయినసారి గంట పోయింది.

నా హంగర్ గేమ్స్ కాపీ ఎవరి దగ్గరుందో చెప్పండి. పేజీలు మడతపెట్టకండి. సర్వపిండి నేను తెస్తా.