‘అవును’ నొక్కగానే కూలిపోయే అప్లికేషన్: ఒక మిత్రుడికి కృతజ్ఞతలు

మూడు వారాలుగా నా ప్రాణం తోడేస్తున్న క్రాష్ నిన్న రాత్రి దొరికింది. పట్టుకున్నది నేను కాదు, పేరు రాయొద్దన్న ఒక మిత్రుడు. ఆయన గంటన్నర నాతో కూర్చోకపోతే ఇంకా లాగ్‌లు తిరగేస్తూనే ఉండేవాణ్ణి.

మా క్యూటీ (Qt, విండోలున్న ప్రోగ్రాములు రాసుకునే టూల్‌కిట్) అప్లికేషన్‌లో సేవ్ నొక్కితే ‘పాత ఫైలు మీదే రాయాలా?’ అని ఒక డైలాగ్ వస్తుంది. వెంటనే ‘అవును’ అంటే ఏ గొడవా లేదు. కాసేపు ఆగి నొక్కితే మాత్రం ఒక్కోసారి మొత్తం కూలిపోయేది. టెస్ట్ చేసేటప్పుడు నేనేమో టకటకా నొక్కేస్తాను, ఇక నాకెందుకు కనబడుతుంది!

డైలాగ్ తెరిచి ఉంచి, మా టైమర్ ఫంక్షన్‌లో బ్రేక్‌పాయింట్ (ప్రోగ్రామ్‌ను అక్కడ ఆపే గుర్తు) పెట్టి స్టాక్ (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే వరస) చూడమన్నారాయన. ఎగ్జెక్ రెండుసార్లు కనబడింది. ఈవెంట్ లూప్‌ను, అంటే క్లిక్‌లు, టైమర్లలాంటి వాటిని ఒక్కొక్కటిగా అందుకుని పంచే చక్రాన్ని, తిప్పే ఫంక్షన్ అది. కింద మెయిన్‌లోది, పైన డైలాగ్‌ది. రెండింటి నడుమ మా సేవ్ ఫంక్షన్ సగంలో నిలబడి ఉంది.

డైలాగ్ ఉన్నంతసేపూ అంతా ఆగిపోతుందనుకున్నాను. ఆగేది మిగతా విండోలకు వెళ్లే మౌస్, కీబోర్డ్ మాత్రమే. డైలాగ్ తన సొంత ఈవెంట్ లూప్ తిప్పుతూనే ఉంటుంది కాబట్టి టైమర్లు మామూలుగానే మోగుతాయి. మా 30 సెకన్ల టైమర్ అలాగే మోగి, సర్వర్‌లో ఫైలు లేదని చూసి, ఆ ఫైలు తెరిచి ఉన్న ట్యాబ్‌ను డిలీట్ చేసేసింది. ఆ తర్వాత ‘అవును’ నొక్కితే, అప్పటికే పోయిన ట్యాబ్‌లోకి సేవ్ ఫంక్షన్ తిరిగొచ్చేది.

డిలీట్ బదులు డిలీట్‌లేటర్ (వెంటనే కాక, పని ఈవెంట్ లూప్‌కు తిరిగొచ్చాక తొలగించేది) పెడితే సరిపోతుంది కదా అని నా తెలివి చూపించాను. ఆయన నవ్వారు. పిలిచింది లోపలి లూప్‌లో గనుక ఆ లూప్‌లోనే ట్యాబ్ పోతుంది, సేవ్ ఫంక్షన్ తేరుకునేలోపే.

చివరికి ఎగ్జెక్ తీసేసి ఓపెన్ (డైలాగ్ చూపించి, జవాబు కోసం ఆగకుండా తిరిగొచ్చేది) పెట్టి, సేవ్ ఫంక్షన్ మిగతా సగాన్ని డైలాగ్ మూసుకోగానే వచ్చే ఫినిష్డ్ సిగ్నల్‌కు కలిపాం. ట్యాబ్ పోతే ఆ కనెక్షన్ దానంతటదే తెగిపోతుంది. ఓపెన్ వాడమని క్యూటీ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది, చదవకుండా దాటేసింది నేనే.

నెట్‌వర్క్ జవాబు కోసం క్యూఈవెంట్‌లూప్ (మన కోడే తిప్పుకునే ఈవెంట్ లూప్) తిప్పుతున్న చోటు కూడా పట్టుకున్నారు. అలాంటివి రెండు ఒకదానిలో ఒకటి పడితే, బయటి దాని జవాబు ముందే వచ్చినా లోపలిది ముగిసేదాకా అది కదలదట. ‘అప్పుడప్పుడూ స్లోగా ఉంటుంది’ అన్న ఫిర్యాదుకు కారణం అదేనేమో, ఇవాళ చూడాలి.

సార్, మీకు చాలా చాలా థాంక్స్. కోడ్‌లో ఇంకా 11 ఎగ్జెక్‌లు మిగిలాయి, వాటికి మాత్రం మిమ్మల్ని నిద్ర లేపను.