అద్దెకున్నవాళ్లకూ ఒక జాగా చూపండి

సంపాదకులకు నమస్కారం.

బస్తీల్లో పట్టాలు పంచిన వార్తలు, సిమెంటు రోడ్లు వేసిన వార్తలు తరచూ చదువుతున్నాం. సంతోషమే. నేను రాస్తున్నది అవే బస్తీల్లో, అవే సందుల్లో ఉంటూ పట్టా ఊసే లేనివాళ్ల గురించి. వాళ్లు అద్దెకుంటున్నారు. ఒడిశాలోని రాయగడలో మా ఇంటి వెనక అద్దెకిచ్చే రెండు రేకుల గదులున్నాయి కాబట్టి ఇంటివాళ్ల వరస కూడా నాకు బాగానే తెలుసు.

మురికివాడల్లో ఉన్నవాళ్లకు భూమి హక్కు ఇస్తూ ఒడిశా 2017లో చట్టం తెచ్చింది. దాన్ని అమలు చేయడానికి మరుసటి ఏడు జాగా మిషన్ అనే పథకం మొదలైంది. (జాగా అనే మాట మనకూ ఒడియావాళ్లకూ ఒకటే. ఈ ఒక్కదానికైనా ఆఫీసులో తర్జుమా చెప్పేవాడు అక్కర్లేదు.) డ్రోన్లతో బస్తీలు కొలిచారు. పెళ్లయినవాళ్లకి భార్యాభర్తలిద్దరి పేరా పట్టా. పిల్లలకి వస్తుంది, అమ్మడానికి వీల్లేదు, ఇల్లు కట్టుకోడానికి మాత్రం తాకట్టు పెట్టుకోవచ్చు. సరిహద్దు అవతల ఆంధ్రలో 2020 డిసెంబరు నుంచి ఊళ్లలో సెంటున్నర, పట్టణాల్లో సెంటు చొప్పున స్థలాలిచ్చారు గాని, లేఅవుట్లు ఊరికి దూరమని మా చుట్టాలు ఇప్పటికీ గొణుగుతుంటారు. ఉన్నచోటే హక్కు ఇవ్వడం మంచి పద్ధతి. అందులో నాకు పేచీ లేదు.

కాని ఆ పట్టా ఇల్లు వేసుకున్నవాళ్లది. అందులో గది తీసుకుని ఉంటున్నవాళ్ల పేరు అందులో ఉండదు. ఉండాలని కూడా నేను అనను. మరి వాళ్ల సంగతి ఏ పద్దులో చూస్తారు?

మా గదిలో ఉంటున్నాయన స్టేషన్ దగ్గర ఆటో తోలతాడు. ఆవిడ మూడిళ్లలో పనిచేస్తుంది. తొమ్మిదేళ్లలో మాది వాళ్లకి అయిదో గది. ఆవిడ గోడకి మేకు కొట్టదు. దేవుడి పటం గూట్లో ఆనించి పెట్టింది, కేలెండరు కిటికీ ఊచకి దారంతో కట్టింది. ఎందుకమ్మా అంటే, "అడ్వాన్సులో కోసేస్తారు బాబూ" అంది. ఇంతకుముందు ఎవరో కోసే ఉంటారు. నేనేం తక్కువ తిన్నాను? కరెంటు మీటరు నా పేరు మీదే, యూనిట్‌కి పది రూపాయలు తీసుకునేవాణ్ణి. నాకు పడేది అంతకంటే తక్కువే. ఆ మాట విన్నాక మానేశాను. మా వీధిలో ఇంకెవరూ మానలేదు.

2025 జనవరి 6న ఇక్కడ రైల్వే డివిజన్ కార్యాలయానికి శంకుస్థాపన జరిగింది. ఊరికి మంచిదే. ఆఫీసర్లు రేకుల గదుల్లో దిగరు, నిజమే. కాని మేడ మీద వాటాలకి అద్దె పెరిగితే, వెనక గదులకీ పెంచడానికి ఇంటివాళ్లకి ఓ వంక దొరుకుతుంది.

2024 సెప్టెంబరులో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ రెండో విడతలో, సొంత జాగా ఉన్న పేదవాళ్లు ఇల్లు కట్టుకుంటే కేంద్రం, రాష్ట్రం కలిసి రెండున్నర లక్షలిస్తాయి. ఆ పథకంలోనే అద్దె ఇళ్లకీ ఒక విభాగం ఉంది. మనవాళ్లు ఇల్లు కట్టుకోడానికిచ్చే డబ్బు గురించే మాట్లాడతారు, అద్దె ఇళ్ల ఊసెత్తరు. మార్కెట్లో కొట్లు కట్టించి, వేలం పాడించి, నెలనెలా అద్దె వసూలు చేయడం మునిసిపాలిటీలకు కొత్త పని కాదు గదా. అలాగే కాపురానికి ఒక గది, వంటిల్లు, మరుగుదొడ్డి ఉన్న వాటాలు తమ జాగాలోనే కట్టి ఎందుకు ఇవ్వకూడదు? ఊరి చివర కొండవార చూపిస్తే మాత్రం ఎవరూ వెళ్లరు. స్టేషనుకీ, పనిచేసే ఇళ్లకీ నడిచి చేరే దూరంలో ఉండాలి.

ఆ కట్టడాలకి ఏళ్లు పడతాయి. ఈలోగా పెద్దగా ఖర్చు లేని పని ఒకటుంది. అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, యూనిట్‌కి ఎంత, ఖాళీ చేయమనడానికి ఎన్నాళ్ల ముందు చెప్పాలి అన్నవి ఒక పేజీలో తెలుగు, ఒడియా రెండింట్లో అచ్చువేసి వార్డుల్లో పంచండి. మాలాంటివాళ్లం కాగితం రాయకపోవడానికి కారణం రెండు భయాలు: హోల్డింగు ట్యాక్సు (ఇంటి పన్ను) పెంచుతారని, అద్దెకున్నవాళ్లు రేపు హక్కు అడుగుతారని. చిన్న గదుల మీద ట్యాక్సు పెంచబోమని, ఈ కాగితంతో ఇంటి మీద హక్కు రాదని కింద రెండు వాక్యాలు రాస్తే చాలు. రేషను కార్డులో చిరునామా మార్చుకోడానికి కూడా ఆ కాగితమే చెల్లేటట్టు చేయాలి. మా గదిలోవాళ్ల కార్డు మీద ఇప్పటికీ మూడిళ్ల కిందటి చిరునామాయే ఉంది.

ఆ కాగితం మా వార్డుకి వచ్చిన రోజున నా రెండు గదులకీ సంతకం పెడతాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
రాయగడ, ఒడిశా