బేస్ గిటార్ వినబడే హాళ్లు కావాలి

సంపాదకులకు,

వీణ, వయొలిన్, మృదంగం, బేస్ గిటార్, ల్యాప్‌టాప్ కలిపి నేను ప్రయోగాత్మక సంగీతం రాస్తాను. బేస్‌లో అన్నిటికన్నా మందపు తీగ సెకనుకు సుమారు 41 సార్లే కంపిస్తుంది, అంటే చాలా మంద్ర స్వరం. ఉపన్యాసాల కోసం హాళ్లలో పెట్టిన చిన్న స్పీకర్లు ఆ స్వరాన్ని మింగేస్తాయి. వీణ నాదాన్ని ల్యాప్‌టాప్ అందుకుని, మార్చి తిరిగి వినిపించడంలో కాస్త ఆలస్యమైనా మృదంగం నడక చెదురుతుంది. మెట్లు లేని బేస్ మీద జారు (ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారే గమకం) పలికిస్తే వీణకు ఎంత దగ్గరగా ఉంటుందో! అది శ్రోతకు చేరాలి కదా. ఈమధ్య ఒక హాలువాళ్లు సౌండ్ చెక్‌కు, అంటే కచేరీకి ముందు ధ్వని సరిచూసుకోవడానికి, పది నిమిషాలే ఇచ్చారు. ఇలాంటి కచేరీకి ఆ పనికే రెండు గంటలైనా కావాలి. ప్రభుత్వ సంగీత కళాశాలలు సబ్‌వూఫర్ (మంద్ర స్వరాలు పలికే స్పీకర్), సౌండ్ మిక్సర్ ఉన్న ఒక గదిని సాయంత్రాలు మాలాంటివాళ్లకు ఇవ్వాలని కోరుతున్నాను.

– ఒక బేస్ గిటార్ వాద్యకారుడు, విజయవాడ