పాట, కథ, చర్చ: ముందుగా వీటి వరస మార్చండి

సంపాదకుల వారికి నమస్కారం.

పాటల కచేరీలు, మామూలు మనుషులు చెప్పుకునే సొంత కథలు, రాజకీయ చర్చలు మూడూ ఒకే చోట పెట్టే ఉత్సవాల మీద ఈమధ్య మీ పేపర్లో వచ్చిన వ్యాసం చదివాను. ఇలా కలిపేస్తే రాజకీయం కూడా వినోదమైపోతుంది, జనం పాట కోసం వచ్చి చర్చ మొదలవగానే లేచిపోతారు, ఎవరి అభిప్రాయమూ మారదు అన్నది అందులో వాదన. లేచిపోవడం నిజమే, నేనూ చూశాను. అభిప్రాయాలు మారకపోవడం కూడా చాలా చోట్ల నిజమే. కానీ మూడింటినీ కలపడమే దానికి కారణం అంటే మాత్రం ఒప్పుకోలేను. ఏది ముందు పెడుతున్నారు, ఏది వెనక పెడుతున్నారు, ఒకటి అయిపోయి ఇంకోటి మొదలయ్యేలోపు ఏం జరుగుతోంది అన్నది ఎవరూ పట్టించుకోవట్లేదు. నాకు తెలిసి చిక్కంతా అక్కడే ఉంది.

ఇలాంటి ఉత్సవాల ప్రోగ్రామ్ ఒక్కసారి చూడండి. మధ్యాహ్నం ఎండలో ఓ మూల డేరాలో రాజకీయ చర్చ. సాయంత్రం ఇంకో చిన్న డేరాలో కథలు. రాత్రికి పెద్ద స్టేజీ, లైట్లు, పేరున్న గాయకులు, అప్పుడు జనం. మరి మధ్యాహ్నం చర్చకు వచ్చేది ఎవరు? ఆ విషయం మీద ముందే గట్టి అభిప్రాయం ఉన్నవాళ్లు, తమ పక్షం మనిషి మాట్లాడితే చప్పట్లు కొడదామని వచ్చినవాళ్లు. వాళ్ల మధ్య ఏ పక్షమూ కాని మనిషి పది నిమిషాలు కూర్చుని, మనకెందుకులే అనుకుని బయటికి నడుస్తాడు. అతన్ని తప్పుపట్టి లాభం లేదు.

నన్నడిగితే వరస మొత్తం తిరగేయాలి. ముందు పాట, అది కూడా పైన వాళ్లు పాడుతుంటే కింద మనం ఫోన్లు పైకెత్తి రికార్డు చేసుకునే పాట కాదు, అందరూ గొంతు కలిపేది. ఆ తర్వాత కథలు. దాని తర్వాత అదే చోట, అదే జనంతో, ఎవరూ లేచి ఇంకో డేరా వెతుక్కునే పని లేకుండా చర్చ.

పాట ముందు ఎందుకంటే, 2015లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. పెద్దవాళ్ల కోసం కొత్తగా పెట్టిన క్లాసుల్ని, కొన్ని పాటలవి, కొన్ని చేతిపనులవి, కొన్ని రచనవి, ఏడు నెలల పాటు గమనించారు. చివరికొచ్చేసరికి అన్ని క్లాసుల్లోనూ మనుషులు దాదాపు ఒకేలా దగ్గరయ్యారు. తేడా అంతా మొదట్లోనే, పాడినవాళ్లు మిగతా వాళ్లకంటే చాలా తొందరగా కలిసిపోయారు. ఉత్సవానికి ఏడు నెలలు ఎక్కడున్నాయి, ఉండేది రెండు మూడు రోజులు. అంత తక్కువ టైములో ముక్కూమొహం తెలియని వాళ్లని దగ్గర చేయడానికి మన చేతిలో ఉన్నది పాటే. దాన్ని తీసుకెళ్లి రాత్రి చివర్లో పెడితే, జనం ఒకరితో ఒకరు కలిసేసరికి ఇంటికెళ్లే టైమవుతుంది.

ఇక కథలు. ఇక్కడ కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీ వ్యాసకర్త వీటిని చర్చకు ముందు వేసే చిన్న అలంకారంలా తీసిపారేశారు. 2000లో డెన్మార్క్‌లో రోస్కిల్డే ఉత్సవంలో, అది ప్రధానంగా సంగీత ఉత్సవం, కొంతమంది యువకులు మనుషుల లైబ్రరీ ఒకటి పెట్టారు. పుస్తకాల చోట మనుషులుంటారు, మీకు నచ్చిన మనిషిని కాసేపు అరువు తీసుకుని ఎదురుగా కూర్చుని అడగదలచుకున్నది అడగొచ్చు. అక్కడ గోడల మీద బొమ్మలు వేసే కుర్రాడితో పోలీసాయన కూర్చుని మాట్లాడాడు, ఉద్యమాల్లో తిరిగే యువకుడితో రాజకీయ నాయకుడు మాట్లాడాడు. చుట్టూ డ్రమ్ములు మోగుతున్న చోటే ఇది జరిగింది, ఆ తర్వాత ఎన్నో దేశాలకు పాకింది. సంగీతం ఉన్న చోట గంభీరమైన మాట సాగదు అనేవాళ్లు దీనికి ఏం చెప్తారో నాకు తెలుసుకోవాలని ఉంది.

అభిప్రాయాలు మారవు అన్నదానికి కూడా జవాబుంది. అమెరికాలో డేవిడ్ బ్రూక్‌మన్, జాషువా కల్లా అనే ఇద్దరు పరిశోధకులు 2016లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. మయామీలో కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల గురించి ఓటర్లతో ఓ పది నిమిషాలు మాట్లాడారు. వాదించలేదు, 'మిమ్మల్ని ఎప్పుడైనా ఎవరైనా వేరుగా చూశారా, చులకన చేశారా' అని వాళ్ల అనుభవం అడిగారు. దాంతో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల మీద ఉన్న చిన్నచూపు తగ్గింది, ఆ మార్పు మూడు నెలల తర్వాత కూడా నిలబడింది. అదే ఇద్దరు 2020లో ఇంకో అడుగు ముందుకెళ్లి, సంభాషణలో ఒకరినొకరు తప్పుపట్టకుండా సొంత కథలు పంచుకునే భాగం తీసేసి, వాదనలు మాత్రం ఉంచితే ఏమవుతుందో చూశారు. ఏమీ అవలేదు, ప్రభావం కనిపించలేదు. కథ తీసేసి చర్చ ఒక్కటే మిగిల్చితే ఏం జరుగుతుందో ఇంతకంటే స్పష్టంగా ఎవరు చూపిస్తారు?

గమనించండి, అక్కడ కథలు రెండు వైపుల నుంచీ వచ్చాయి. ఒకరు స్టేజీ ఎక్కి కన్నీళ్లు పెట్టుకుంటే మిగతా వందమంది చూసి వెళ్లిపోవడం వేరే పని. కాబట్టి కథల సెషన్ అయ్యాక ఓ అరగంట ఖాళీ ఇచ్చి, పక్కపక్కన కూర్చున్నవాళ్లు ఇద్దరిద్దరుగా మాట్లాడుకునేలా చేయండి. దానికి ఖర్చు లేదు, మైకు అక్కర్లేదు. నిర్వాహకులు ఆ అరగంటను వేస్ట్ అనుకుంటారు, అందుకే ఎక్కడా ఉండదు.

నాకు నిజంగా కోపం తెప్పించే సంగతి ఇంకోటుంది. కథ చెప్పినవాళ్లని తర్వాత చర్చలో సాక్షులుగా వాడుకుంటున్నారు. ఆస్పత్రి బిల్లు కట్టలేక ఇల్లు అమ్ముకున్నానని ఒకావిడ చెప్పిందనుకోండి, గంట తర్వాత చర్చలో ఒకాయన ఆవిడ పేరు పెట్టి తన పార్టీ పథకం గురించి మాట్లాడతాడు, ఇంకొకాయన ఆవిడ ఆ ఆస్పత్రికే ఎందుకెళ్లింది అని అడుగుతాడు. ఆవిడ కింద మూడో వరసలో కూర్చుని ఉంటుంది. ఇది చాలా అన్యాయం. వైద్య ఖర్చుల మీద ఎంతసేపైనా కొట్లాడుకోండి, అంకెలు తీయండి, బడ్జెట్లు తీయండి, ఆవిడ నిర్ణయాల జోలికి మాత్రం వెళ్లొద్దు. ఒక్క మనిషి కథ మీద ఆధారపడి విధానాలు చేయలేం అన్న మాట నేనూ ఒప్పుకుంటాను, చర్చ ఉండాల్సింది కూడా అందుకే, కథ అడిగిన ప్రశ్నకు అంకెలతో జవాబు వెతకడానికి. ఈ గీత దాటకుండా చూడటం చర్చ నడిపే వాళ్ల పని. దాటితే మైకు కట్ చేసే ధైర్యం ఉన్నవాళ్లనే ఆ కుర్చీలో కూర్చోబెట్టాలి.

రాజకీయ నాయకులకు కూడా ఒక షరతు పెట్టాలి. కథలు చెప్తున్నంతసేపూ వాళ్లు కింద, జనం మధ్యలో కూర్చుని వినాలి. తమ వంతు రాగానే ముందు విన్నదేంటో సొంత మాటల్లో చెప్పాలి, ఆ తర్వాతే వాళ్ల వాదన. వాళ్ల సొంత కష్టాల కథలకు ఆ స్టేజీ ఇవ్వొద్దు, ఎందుకంటే వాళ్లకు ఎన్నికల సభలున్నాయి, టీవీలున్నాయి. టైము కూడా అందరికీ ఒకటే ఉండాలి. 1997లో న్యూయార్క్‌లో మొదలైన ద మాత్ సంస్థ పోటీల్లో కథ చెప్పేవాళ్లకు ఇచ్చేది అయిదు నిమిషాలు, చేతిలో కాగితం ఉండకూడదు. మామూలు మనిషి తన జీవితంలోని పెద్ద సంగతిని అయిదు నిమిషాల్లో చెప్పగలిగితే మంత్రిగారు తన విధానాన్ని అయిదు నిమిషాల్లో ఎందుకు చెప్పలేరు?

నాయకులు జనం మధ్యకు రారు అనేవాళ్లకు ఒక్క ఉదాహరణ. 1968లో స్వీడన్‌లోని గోట్లాండ్ దీవిలో, విస్బీ ఊళ్లోని అల్మెదాలెన్ పార్కులో, అప్పటి విద్యామంత్రి ఓలోఫ్ పాల్మే ఒక లారీ మీద నిలబడి జనంతో మాట్లాడారు. అదే పెరిగి, పార్లమెంటులోని పార్టీలన్నీ వచ్చే 'అల్మెదాలెన్ వారం' అనే ఉత్సవమైంది. డెన్మార్క్‌లో బోర్న్‌హోమ్ దీవిలో 2011 నుంచి అలాంటిదే నడుస్తోంది. ఫిన్లాండ్‌లోని పోరీలో 1966 నుంచి జాజ్ ఉత్సవం ఉంది, 2006లో అదే ఊళ్లో సుఓమిఅరేనా పేరుతో బహిరంగ చర్చలు మొదలుపెట్టారు. భద్రత సంగతి తీసిపారేయను. 2022లో అల్మెదాలెన్ వారంలోనే ఒక మానసిక వైద్యురాలిని పొడిచి చంపారు. అయినా తర్వాతి ఏడాది ఉత్సవం జరిగింది, జనం వచ్చారు.

పాట, కథ, రాజకీయం అనేవి ముందు విడివిడిగా ఉండేవనీ ఇప్పుడెవరో బలవంతంగా కలుపుతున్నారనీ మీ వ్యాసంలో ఉంది. 1963లో అమెరికాలో న్యూపోర్ట్ జానపద సంగీత ఉత్సవంలో ఫ్రీడమ్ సింగర్స్ పాడారు. వాళ్లు నల్లజాతి ప్రజల పౌరహక్కుల కోసం పోరాడిన విద్యార్థి కార్యకర్తలు, జైలుకు వెళ్లొచ్చి ఆ అనుభవాన్నే పాడినవాళ్లు. వాళ్ల దగ్గర పాట ఎక్కడ ఆగిందో రాజకీయం ఎక్కడ మొదలైందో విడదీసి చూపించమనండి.

చివరిగా మీ పేపరుకు ఒక విన్నపం. ఇలాంటి ఉత్సవం జరిగిన మర్నాడు పేపర్లో వచ్చేది గాయకుడి ఫొటో, దాని కింద చర్చలో ఇద్దరు తిట్టుకున్న రెండు వాక్యాలు. కథలు చెప్పినవాళ్ల ఊసే ఉండదు. ఈసారి ఒక రిపోర్టర్‌ని మొదటి పాట నుంచి చర్చ అయిపోయేదాకా అక్కడే కూర్చోబెట్టండి. కథల్లో ఏ ప్రశ్నలు వచ్చాయి, వాటిలో వేటికి నాయకులు జవాబిచ్చారు, వేటిని దాటేశారు అన్నది రాయించండి. కథ చెప్పినవాళ్ల పేర్లు వాళ్లు ఒప్పుకుంటేనే వేయండి. అది అచ్చయ్యాక, మీ వ్యాసకర్త ఈ ఉత్సవాలు దండగని అప్పటికీ అంటే, ఆయన కారణాలు కూడా వేయండి, చదువుతాను.

ఇట్లు,
మీ పాఠకురాలు