ప్రార్థనలో మాటలు రావడం లేదన్నవారికి

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. నిన్న ఒక చెల్లి "ప్రార్థనలో నాకు మాటలు రావు, అందరి ముందు అంటే టెన్షన్" అని రాసింది.

చెల్లీ, అది తప్పు కాదమ్మా. బైబిల్లో మొదటి సమూయేలు 1వ అధ్యాయంలో, పిల్లలు లేక బాధపడుతూ ప్రార్థించిన హన్నాను చూడు. పెదవులు కదిలాయి గానీ స్వరం వినబడలేదు. యాజకుడైన ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు! ఆమె మాత్రం తన దుఃఖమంతా దేవుని ముందు కుమ్మరించింది. దేవుడు విన్నాడు. నిజమైన ప్రార్థన అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆమే. లూకా 18లో సుంకరి (పన్నులు వసూలు చేసేవాడు) పలికింది కూడా ఒక్క మాటే: "దేవా, పాపినైన నన్ను కరుణించుము."

ఈ వారం అందరం రోజుకు ఐదు నిమిషాలు తలుపు వేసుకుని కూర్చుందాం (మత్తయి 6:6). ఫోన్ పక్క గదిలో పెట్టండి. ఎవరి దగ్గరో విన్న పెద్ద మాటలు వద్దు. బాధగా ఉంటే బాధే చెప్పండి, 13వ కీర్తనలో దావీదు కూడా "ఇంకెంతకాలం" అని పదేపదే అడిగాడు కదా.

అసలు ఏమీ తోచకపోతే ప్రభువు నేర్పిన ప్రార్థననే ఒక్కో వాక్యం దగ్గర ఆగుతూ చెప్పండి. "మా ఋణములు (అంటే మా తప్పులు) క్షమించుము" దగ్గర నేనైతే చాలాసేపు ఆగిపోతాను. నేను ఇంకా క్షమించనివాళ్ల ముఖాలు అక్కడే గుర్తొస్తాయి.

చెల్లీ, కూడికలో నువ్వు మౌనంగా ఉన్నా సరే, తప్పకుండా రా.